ఊర్మిల చెయ్యి తీసి నిలబడ్డ శుక్రవారం

కరెంటు మగ్గాన్ని సిరిసిల్లలో సాంచె అంటారు. సాంచె బాగు చేసినవాళ్లు చాలామంది దాన్ని నడిపించి, చట్రం మీద చెయ్యి ఆనించి, అదురు చూసి, "అయిపోయింది" అనేవాళ్లు. ఊర్మిల తండ్రి సారయ్య అట్లా అనేవాడు కాదు. సాంచె నడిపించి, చెయ్యి తీసేసి, గుమ్మం దాకా నడిచి, దానికి వీపు పెట్టి నిలబడి వినేవాడు. మనిషి చెయ్యి ఆనితే సాంచె ఒదిగి నడుస్తుందనీ, వదిలేస్తేనే దాని గుణం బయటపడుతుందనీ ఆయన లెక్క.

ఒకరోజు పక్క సాంచెను వేరే ఆయన బాగు చేశాడు. చెయ్యి ఆనించి చూసి, మంచిగుందని చెప్పి, చేతులు తుడుచుకుంటూ బయటికి నడిచాడు. ఆయన గడప దాటకముందే నాడె ఎగిరింది. నాడె అంటే దారం మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే కర్ర, రెండు కొనలకూ ఇనుప మొనలుంటాయి. అది సారయ్య ఎడమ కంట్లో దిగింది. తండ్రికి అన్నం తెచ్చిన ఊర్మిల అప్పుడు గుమ్మంలోనే ఉంది. ఆయన పడిపోలేదు. రెండు చేతులతో మొహం పట్టుకొని నిలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు మోచేతుల దాకా కారింది. చుట్టూ సాంచెలు నడుస్తూనే ఉన్నాయి. ఆ చప్పుడులో తండ్రి అరిచాడో లేదో కూడా తనకు తెలియదని ఊర్మిల చెప్పేది.

పెళ్లయ్యాక మొగుడు ఆమెను భీవండికి తీసుకుపోయాడు. అక్కడా సాంచెలే. కొట్టడానికి అతనికి కారణం అక్కర్లేదు. కూర చల్లారితే ఒక దెబ్బ, వేడిగా ఉంటే ఒక దెబ్బ. ఒకసారి సాంచె కర్రతో చెవి మీద కొట్టాడు. ఆ చెవి మళ్లీ వినలేదు. ఇంకోసారి కర్ర ఎత్తినప్పుడు ఆమె రోకలి అందుకొని అతని మోకాలి చిప్ప పగలగొట్టి, బిడ్డను చంకనేసుకొని బస్సెక్కింది. సిరిసిల్లకు పోతే పెద్దమనుషులు మళ్లీ భీవండి బస్సు ఎక్కిస్తారని తెలిసి, కోరుట్లలో దిగిపోయింది.

కోరుట్లలో ఆమె దుకాణం, నా దుకాణం పక్కపక్కనే. మాది గీత కార్మికుల ఇల్లు. తాడెక్కే పని మా నాయనతోనే పోయింది, నేను కాలిపోయిన మోటార్లకు తీగె చుడతాను. ఊర్మిల మొదట ఒక టైపింగు కేంద్రంలో ఊడ్చే పనికి కుదిరింది. ఊడుస్తూ చూసింది, చూసి విప్పింది, విప్పి చెడగొట్టింది, చెడగొట్టి బాగు చేసింది. తర్వాత సొంత దుకాణం పెట్టి, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు పక్కన పడేసిన పాత లాప్‌టాప్‌లకు లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి మళ్లీ బతికించేది. స్మార్ట్ ఫోన్లు ఇంకా ఇంటింటికీ రాని రోజులవి. మా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు గల్ఫ్‌లో ఉన్న మొగుళ్ల మొహాలు చూసుకునేది ఆమె దుకాణంలోని ఒక్క లాప్‌టాప్‌లోనే.

జ్యోతి అట్లాగే వచ్చింది, అత్త వెంకటవ్వను వెంటబెట్టుకొని. వాళ్లది రాయికల్ దగ్గర ఊరు. జ్యోతి మొగుడు నవీన్ గల్ఫ్‌లో కట్టడాల పనికి పోయాడు. ఆ శుక్రవారం తెరమీద అతని మొహం చూసి వెంకటవ్వ కొడుకును గుర్తుపట్టలేదు. ఒక కన్ను మూసుకుపోయింది. పెదవి చీలి ఎండిపోయింది.

"ఫోర్మన్ పైపుతోని కొడ్తుండు," అన్నాడు నవీన్. "నాతోటోని చెయ్యి ఇరగ్గొట్టిండు. ఫోను, పాస్‌పోర్టు గుంజుకున్నడు. గీ కిరాణా దుకాణపాయన పుణ్యాన మాట్లాడ్తున్న."

"ఏడున్నవయ్యా?" అంది జ్యోతి.

"క్యాంపు మార్చిండ్రు. బండిల ఎక్కించుకొని తెచ్చి పడేసిండ్రు. గీడ రోడ్డు మీద బోర్డు..."

తెర అక్కడే ఆగిపోయింది. నోరు తెరిచిన నవీన్ బొమ్మ అట్లాగే నిలిచిపోయింది. ఊర్మిల మళ్లీ కలిపేసరికి అతను లేడు.

ఆ దేశంలో మనవాళ్లే నడిపే సాయం సంఘం ఒకటి ఉంది. దాంట్లో శ్రవణ్ అనే జగిత్యాల పిల్లవాడు ఊర్మిలకు ఫోన్లో తెలుసు. అతను ఒక్కటే మాట చెప్పాడు. "జాగ పేరు చెప్పక్కా, గా గంటల్నే బండేసుకొని పోతం. ఎడారంత ఏడ దేవులాడాలె?"

అంటే నవీన్ ఎక్కడున్నాడో నవీనే చెప్పాలి. శుక్రవారం తప్ప అతనికి క్యాంపు దాటే వీలు లేదు. ఇక్కణ్నుంచి పిలుద్దామంటే అతనికి ఫోను లేదు. అతను పిలిచినప్పుడు లాప్‌టాప్ లైన్లో ఉండాలి, మాట పూర్తయ్యేదాకా ఉండాలి.

ఆ వారమంతా ఊర్మిల దాని వెంట పడింది. తీగె పెట్టి నడుపుదామంటే, పోయిన వానాకాలం పిడుగు టెలిఫోన్ తీగె వెంట వచ్చి లాప్‌టాప్‌లో ఆ సాకెట్‌ను కాల్చేసింది. వైర్‌లెస్ ఒక్కటే దిక్కు. దుకాణంలోని మిగతా లాప్‌టాప్‌లు పేగులు తీసిన కోళ్లలా బల్లమీద పడున్నాయి. వేరే నెట్ దుకాణాలవాళ్లు దేవదాస్ పేరు వినగానే షట్టర్ దించారు. నవీన్‌ను గల్ఫ్‌కు పంపిన ఏజెంటు ఆ దేవదాసే.

ఆమె మోడెమ్ చానెల్ మార్చి చూసింది. తెగింది. మోడెమ్‌ను అటక మీంచి బల్ల మీదికి తెచ్చింది. తెగింది. వైర్‌లెస్ కార్డు విప్పి, కొనలు రబ్బరుతో రుద్ది, మళ్లీ బిగించింది. దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చింది. ఒకసారికి ఒకటే మార్చేది, మార్చి పింగ్ పెట్టేది. పింగ్ అంటే మోడెమ్‌ను క్షణక్షణం "ఉన్నవా" అని అడిగే ఆదేశం. నల్ల తెరమీద జవాబులు వరుసగా దిగుతుంటే కూర్చొని చూసేది. చివరికి గురువారం, పొద్దుగూకే దాకా ఒక్క జవాబూ తప్పలేదు.

"అయిపోయింది ఎల్లేశన్నా," అంది నాతో.

శుక్రవారం మధ్యాహ్నం జ్యోతి, వెంకటవ్వ గోడవార స్టూళ్ల మీద కూర్చున్నారు. ఊర్మిల పింగ్ ఆపి, అలవాటు ప్రకారం చార్జర్ పీకేసింది. మా దగ్గర అందరం అంతే. కరెంటు పోయి వచ్చినప్పుడు వోల్టేజీ ఎగిరి టీవీలు కాలిపోయేవి. పని లేని వస్తువుకు ప్లగ్గు ఉంచేవాళ్లం కాదు. మోడెమ్ చిన్న బ్యాటరీ పెట్టె మీద నడుస్తోంది. లాప్‌టాప్ తెర మీద వైర్‌లెస్ గుర్తు నిండుగా ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

నవీన్ పిలుపు మోగకముందే దేవదాస్ వచ్చాడు.

"ఏమే జ్యోతీ, గీ డబ్బాల నా పేరు చెప్పుకుంట కూసున్నవా?"

"నా కొడుకును సంపుతుండ్రు, నీ నోట్ల మన్నువడ," అంది వెంకటవ్వ.

"ముసల్దానా, నీ కొడుకుకు పని చాతగాకపాయె. మంది కొడుకులు సంపాయిస్తలేరా?"

జ్యోతి లేచి నిలబడింది. "నీ కొడుకును పంపు మరి."

అతను చెయ్యి వెనక్కి లాగి కొట్టాడు. జ్యోతి తల కౌంటర్ అంచుకు తగిలి, కనుబొమ మీద చర్మం విచ్చుకుంది. ఊర్మిల అడ్డం పోతే ఆమె ఎడమ చెయ్యి గుంజి సొరుగులో పెట్టి, మోకాలితో సొరుగు మూశాడు. వేళ్లు విరిగిన చప్పుడు గోడ అవతల నాకు వినపడింది. ఎండుకట్టె విరిచినట్టు. నేను మోటారు ఇరుసు పట్టుకొని పోయేసరికి, ఊర్మిల కుడిచేత్తో బల్ల మీద కాగుతున్న టంకం కడ్డీ అందుకొని అతని ముంజేతికి అదిమి పెట్టి ఉంది. వెంట్రుకలు, చర్మం మాడిన వాసన. అతను అరుస్తూ ఖాళీ చేత్తో లాప్‌టాప్ తెర మీద గుద్దాడు. నేను ఇరుసుతో భుజం మీద కొట్టాను. ఎముక లోపలికి దిగింది. రెండో దెబ్బకు ఎత్తుతుంటే వెంకటవ్వ నా చెయ్యి పట్టుకుంది, వాడి మీద జాలితో కాదు. "పోలీసులొస్తరు, గీ డబ్బ ఎత్తుకపోతరు, ఆగు," అంది.

దేవదాస్ భుజం పట్టుకొని మెట్లు దిగాడు. "మీ దుకాణాలు ఎట్ల నడుస్తయో చూస్త," అన్నాడు బజారుకంతా వినపడేలా.

లాప్‌టాప్ తెర మూల నుంచి మూలకు పగిలింది, కానీ వెలుగుతూనే ఉంది. వైర్‌లెస్ గుర్తూ నిండుగానే ఉంది. ఊర్మిల విరిగిన చేతిని కడుపుకు అదుముకొని, కుడిచేత్తో ఒక మీట నొక్కింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత తూము తెరిస్తే ఆగిన నీళ్లు దుమికినట్టు వచ్చాయి, నవీన్ పిలిచి పిలిచి పెట్టిన మెసేజీలు. "ఎత్తుతలేరు." "ఎత్తుండ్రి." "ఫోర్మన్ నమాజుకు పోయిండు. ఇంకోసారి ఒస్త. రేపు మల్ల జాగ మారుస్తరట."

జ్యోతి కనుబొమ నెత్తురు కంట్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. "ఎవ్వలు ముట్టలే గదక్కా దీన్ని! మరెందుకు తెగింది?"

ఊర్మిల పగిలిన తెర మీది వైర్‌లెస్ గుర్తు వైపు చూసింది. "ముట్టలేదు గనుకనే," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఎల్లేశన్నా, వారమంత నేను చెయ్యి ఆనిచ్చి చూసిన."

నాకు అర్థం కాలేదు. ఆమె నొప్పికి పళ్లు బిగబట్టి చెప్పింది. "తెగుడు రోగం ఒకటి పోయింది, గిది ఇంకోటి. చార్జర్ పీకితే గిది బ్యాటరీ కాపాడుకుంటందుకు వైర్‌లెస్‌ను నిద్రపుచ్చుతది. నేనేమో చార్జర్ పెట్టి, పింగ్‌తోని లేపుకుంట కూసున్న. నేనున్నంత సేపు మంచిగనే ఉండె. ఇడిసిపెట్టంగనే పండుకుంది."

తండ్రి కన్ను పోయిన రోజున పక్క సాంచె మీద చెయ్యి పెట్టినాయన చేసిన తప్పే అది. ఆమెకూ అదే గుర్తొచ్చిందని మొహం చూస్తే తెలిసింది.

అప్పటికే కరెంటు పోయింది. చార్జర్ పెడదామన్నా లేదు. ఆమె ఒంటిచేత్తో నల్ల తెర తెరిచి, వైర్‌లెస్‌కు ఆ పొదుపు మానిపించే ఆదేశం కొట్టింది. మళ్లీ మొదలైనప్పుడు పాత గుణం తిరిగి రాకుండా దాన్నే ఇంకో చోట రాసి పెట్టింది. ఒక్కొక్క అక్షరం వెతుక్కొని కొట్టింది. సొరుగు మీద ఆమె నెత్తురు చారలు కట్టింది.

"పింగ్ పెట్టి ఉంచరాదు?" అన్నాను. "తెగకుంట ఉంటది గదా."

"రోగం పోయిందా, దాసుకున్నదా తెల్వాలె. నవీన్ మాట్లాడంగ తెగితే మల్ల దొరకడు."

పింగ్ మూసేసింది. మమ్మల్నందరినీ వెనక్కి జరగమంది. తాను గుమ్మం దాకా నడిచి, లాప్‌టాప్‌కు వీపు పెట్టి, వినే చెవిని దుకాణం వైపు తిప్పి నిలబడింది. విరిగిన వేళ్లు అప్పటికే వంకాయల్లా ఉబ్బాయి. బజారులో బస్సు పోయింది. సైకిలు మీద ఐసుక్రీం ఆయన గంట కొట్టుకుంటూ పోయాడు. వెంకటవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎంత సేపో నాకు తెలియదు. చివరికి లాప్‌టాప్ మోగింది.

జ్యోతి ఉరికి ఎత్తింది. పగిలిన తెరలో నవీన్ మొహం రెండు ముక్కలుగా కనపడింది.

"జాగ చెప్పు! ముందు జాగ చెప్పు!" అని ఊర్మిల గుమ్మంలోంచే అరిచింది.

అతను చెప్పాడు. రోడ్డు పేరు, బోర్డు మీది మాట, పక్కనున్న నీళ్ల ట్యాంకు, దాని రంగు. నేను నా డబ్బా ఫోనులో శ్రవణ్‌కు అట్లే ఒప్పజెప్పాను. "ఎరికే అన్నా, బయలెల్లినం," అన్నాడతను.

అప్పుడే నవీన్ వెనక కిరాణా దుకాణం తలుపు తెరుచుకుంది. పైపు మాకు కనపడింది, మనిషి తర్వాత కనపడ్డాడు. మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది చెవి దగ్గర. నవీన్ బల్ల మీద పడ్డాడు, పడి దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. మూడో దెబ్బకు దవడ పక్కకు జరగడం కనపడింది. వారమంతా తెగిన లైన్, ఇప్పుడు ప్రతి దెబ్బ చప్పుడూ తెచ్చింది.

"అక్కా, బంద్ చెయ్యి! నేను చూడ," అని జ్యోతి మొహం కప్పుకుంది.

"చెయ్య," అంది ఊర్మిల. వచ్చి లాప్‌టాప్ ముందు నిలబడింది. విరిగిన చేత్తోనే జ్యోతిని, మంచి చేత్తో వెంకటవ్వను కెమెరా ముందుకు లాగింది. "సూడుండ్రి. గా ఫోర్మన్ గాడు మిమ్ముల సూడాలె. అవ్వా, నోట్ల కొంగు తియ్, ఒర్లు!"

వెంకటవ్వ ఒర్లింది. ఆ ముసలి గొంతులోంచి అంత కేక వస్తుందని నేననుకోలేదు. ఫోర్మన్ నాలుగో దెబ్బకు ఎత్తిన పైపును పైనే ఆపి, తెర వైపు చూశాడు. నెత్తురు మొహంతో జ్యోతి, ఒర్లుతున్న తల్లి, కన్నార్పని ఊర్మిల, వెనక ఇరుసు పట్టుకున్న నేను. అతను మా వైపు ఒక అడుగు వేశాడు. చెయ్యి చాపి కంప్యూటర్ తీగె పీకాడు. తెర నల్లబడింది.

వైర్‌లెస్ గుర్తు మాత్రం నిండుగానే ఉంది. ఊర్మిల ఒక మీట నొక్కి చూసింది. ఈసారి అది నిజమే.

పొద్దు వాలుతుండగా శ్రవణ్ ఫోన్ చేశాడు. "దొరికిండు. దవాఖానకు తీసుకపోతున్నం. దవడ ఇరిగింది, పానం ఉంది."

నవీన్ తిరిగొచ్చేసరికి చలికాలం వచ్చింది. దేవదాస్ జగిత్యాలకు మకాం మార్చాడు, అక్కడా అదే పని చేస్తున్నాడని విన్నాం. ఊర్మిల రెండు వేళ్లు వంకరగానే అతుక్కున్నాయి. నవీన్ దుకాణానికి వచ్చి, పగిలిన తెరను వేలితో మూల నుంచి మూలకు తడిమాడు. అతని మాట ఇంకా నములుతున్నట్టే ఉండేది.

"గా దినం మీరు బంద్ చేస్తరనుకున్న," అన్నాడు. "దెబ్బలు తింటుంటె పెయ్యి మీద సోయి లేదు. మా అవ్వ ఒర్లుడే ఇనబడ్డది. బంద్ చేసి ఉంటే వాడు ఆపకపోతుండె."

ఊర్మిల ముందు ఇంకెవరిదో లాప్‌టాప్ ఉంది. చార్జర్ పీకింది, తెర మీద నడుస్తున్నవన్నీ మూసింది. లేచి, నవీన్‌ను పక్కకు జరగమని, గుమ్మం దాకా పోయి దానికి వీపు పెట్టి నిలబడింది.