కృపావరం మాల్టా ప్రయాణం

షికాగో శివారు షామ్‌బర్గ్‌లో ఉన్నన్నాళ్లూ కృపావరం తన చేత్తో కారు నడుపుతూ ఒక్కసారి కూడా ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కలేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే మా తెలుగు ఫెలోషిప్‌లో అందరూ అతన్ని యూరప్ ఖండాన్ని రోడ్డు మీద దాటబోయే మనిషిగానే ఎరుగుదురు.

నరసాపురంలో పుట్టి, గుంటూరులో కెమిస్ట్రీ చదివి, డెబ్బైల మొదట్లో ఇల్లినాయ్ వచ్చి ఒక రంగుల కంపెనీ ల్యాబ్‌లో కుదురుకున్నాడు. ఆఫీసుకి హిగ్గిన్స్ రోడ్డు మీదే, సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ వెళ్లేవాడు. షికాగో వెళ్లాల్సి వస్తే భార్య దేవకుమారి గారు నడిపేవారు. ఆవిడ డౌన్‌టౌన్ దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సు. మంచు పడినా, గాలి కొట్టినా ఆ ఎక్స్‌ప్రెస్‌వే మీదే రోజూ వెళ్లి వచ్చేవారు. అతను పక్క సీట్లో కూర్చుని, డ్యాష్‌బోర్డు పట్టుకుని, "లేన్ మారకు, లేన్ మారకు" అంటూ ఉండేవాడు.

ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ లూథరన్ చర్చి వాళ్లు బేస్‌మెంట్ మాకిచ్చేవారు. తెలుగులో ఆరాధన, తర్వాత తలా ఒక వంట తెచ్చుకుని తినే పాట్‌లక్. ఎనభై రెండులో ఒక ఆదివారం కోడికూర తింటూ కృపావరం తన సంగతి బయటపెట్టాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో క్యాంపర్ వ్యాన్ అద్దెకి తీసుకుంటాడట. జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ మీదుగా దిగి, సిసిలీ చేరి, అక్కడ వ్యాన్‌ని పడవ ఎక్కించి మాల్టా వెళతాడట.

"మాల్టా అంటే ఏంటో తెలుసా మీకు? మెలితే. పౌలు ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ద్వీపం. మన తెలుగు వాళ్లలో ఆ నేల మీద కాలు పెట్టినవాడు ఒక్కడుంటే చూపించండి."

ఎవరూ చూపించలేదు. ఎవరికీ ఆ అవసరం కనపడలేదు. కానీ మా కాపరి సత్యానందం గారు మెత్తటి మనిషి. "చాలా మంచి తలంపండీ" అన్నారు. ఆ ఒక్క మాటతో నాలుగేళ్లు మా అందరి నెత్తిన మాల్టా ఎక్కి కూర్చుంది.

కృపావరం తన ఇంటి బేస్‌మెంట్‌లో గోడంతా యూరప్ మ్యాపు అతికించి, దారి పొడుగునా ఎర్రదారం కట్టాడు. వాళ్లింటికి భోజనానికి ఎవరు వెళ్లినా ముందు మెట్లు దిగి ఆ దారం చూడాలి. ఏ ఊళ్లో రాత్రి ఆగేది, ఏ కనుమలో ఏ నెలలో మంచు కరిగేది, పెట్రోలు ఏ దేశంలో పోయించుకుంటే మేలు, అన్నీ చెప్పేవాడు. పైన అన్నం చల్లారిపోతూ ఉండేది. ఇటాలియన్ క్యాసెట్లు తెప్పించి నేర్చుకున్నాడు. చర్చిలో తలుపు తీసినవాళ్లకి "గ్రాట్సీయే" అనేవాడు. సత్యానందం గారు ప్రసంగంలో పౌలు ఓడ గురించి చెబుతుంటే లేచి నిలబడి, గాలి అటు నుంచి కాదు ఇటు నుంచి కొట్టిందని సరిదిద్దేవాడు.

అంతటితో ఊరుకుంటే భరించవచ్చు. ఇంకొకళ్లు ఎక్కడికి వెళ్లినా అతనికి చులకనే. సత్యానందం గారి కుటుంబం నయాగరా వెళ్లొచ్చి ఫోటోలు చూపిస్తే, "నీళ్లు పడ్డం చూడ్డానికి అంత దూరం దేనికండీ, ఇంట్లో కుళాయి విప్పితే పోయె" అన్నాడు. సెలవులకి ఇండియా వెళ్లేవాళ్లంటే మరీ లోకువ. విమానమెక్కి, నిద్రపోయి, బొంబాయిలో దిగి సూట్‌కేసులు వెతుక్కోవడం ప్రయాణమెలా అవుతుందని అడిగేవాడు. పిల్లల్ని ఫ్లోరిడా తీసుకెళ్లిన నన్ను పట్టుకుని, "ఎలుక బొమ్మతో షేక్‌హ్యాండ్ ఇచ్చి వచ్చావటగా రవికుమార్" అన్నాడు అందరి ముందూ. నేను నవ్వాను. ఆ రోజు నుంచి అతని మాల్టా ఎప్పుడు మునుగుతుందా అని కనిపెట్టుకుని ఉన్నాను.

ఏటా ప్రయాణం వచ్చే వేసవికి వాయిదా పడేది. ఒక ఏడు ఆస్ట్రియాలో కొండచరియలు విరిగాయన్నాడు. ఒక ఏడు ఆఫీసులో తనని వదలరన్నాడు. తనని వదిలినా ఆ కంపెనీకి ఏ లోటూ ఉండదని అదే కంపెనీలో పనిచేసే మావాడొకడు చెప్పాడు. చివరికి ఎనభై ఆరు వేసవికి ఖాయమైంది. అదీ అతని వల్ల కాదు. దేవకుమారి గారు ఆసుపత్రిలో మూడు వారాల లీవు రాయించుకుని, ట్రావెల్ ఏజెంటు దగ్గరికి తనే వెళ్లి టికెట్లు బుక్ చేసి, ఇంటికొచ్చి చెప్పారు.

ఆ ఏడు ఫిబ్రవరిలో మేం వాళ్లింట్లో ఉండగానే ఆవిడ ఒక మాట అడిగారు. మేమంతా మామూలుగా బేస్‌మెంట్‌లో దారం చూస్తున్నాం. ఆవిడ మెట్ల మీద నిలబడి, "ఏమండీ, ఆ వ్యాన్‌కి క్లచ్ ఉంటుందా?" అన్నారు.

"ఏంటీ?"

"ట్రావెల్ ఏజెంటు అడిగింది. అక్కడ అద్దెకిచ్చేవన్నీ స్టిక్ షిఫ్టేనట, గేర్లు మనమే మార్చుకోవాలట. మీకు వచ్చా అని."

కృపావరం దారం మీద నుంచి వేలు తీయలేదు. ఆస్ట్రియా దగ్గర పెట్టిన వేలు అక్కడే ఉంది. "క్లచ్‌దేముంది? మెకానిజం తెలిసినవాడికి అదొక సమస్యా?" అన్నాడు.

ఖండమంతా కొలిచినవాడు బండికి పెడల్స్ ఎన్నుంటాయో కనుక్కోలేదు. అమెరికా వచ్చాకే డ్రైవింగ్ నేర్చుకున్నాడు, అదీ ఆటోమేటిక్ మీద. నాకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నా హోండా స్టిక్ షిఫ్టే, కావాలంటే దాని మీద ప్రాక్టీస్ చేయమన్నాను. కాదనడానికి అతనికి దారి దొరకలేదు.

మార్చిలో ఒక ఆదివారం పొద్దున, వుడ్‌ఫీల్డ్ మాల్ షాపులు తెరవకముందు, ఆ పెద్ద పార్కింగ్ లాట్‌కి వెళ్లాం. దేవకుమారి గారు వెనక సీట్లో కూర్చున్నారు. కృపావరం స్టీరింగ్ ముందు కూర్చుని, గేర్‌బాక్సులో పళ్ల చక్రాలు ఒకదాంట్లో ఒకటి ఎలా పడతాయో మా ఇద్దరికీ చాలాసేపు వివరించాడు. తర్వాత కారు స్టార్ట్ చేసి క్లచ్ వదిలాడు. బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాడు. మళ్లీ ఎగిరింది. గేరు మార్చబోతే లోపల రాళ్లు రుబ్బిన చప్పుడొచ్చింది.

"నెమ్మదిగా వదలండి. పూర్తిగా కాదు, సగం వదిలి కొంచెం గ్యాస్ ఇవ్వండి" అన్నాను.

"నీ బండి కండిషన్‌లో లేదోయ్" అన్నాడు. ఆ చలిలో అతని నుదుటి మీద చెమట.

అలా ఒక గంట. లాట్‌లో దీపస్తంభాల మధ్య కప్ప గెంతులు వేస్తూ ఒక వరుస దాటాం. దూరంగా మాల్ సెక్యూరిటీ వాడు జీపు ఆపి చూస్తున్నాడు. కృపావరం దిగేసి, కొంచెం గాలి పీల్చుకోవాలన్నాడు.

అప్పుడు దేవకుమారి గారు, "నేనొకసారి చూడనాండీ?" అని నన్నడిగారు.

ఆవిడకీ మొదట ఆగిపోయింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి బండి కదిలింది. కింది పెదవి కరుచుకుని లాట్ చుట్టూ తిప్పారు, రెండో గేరు వేశారు, మూడు వేశారు, మూల దగ్గర మళ్లీ తగ్గించారు. నా పక్కన నర్సు బట్టల్లో ఉన్న ఆ మనిషి ముఖం అంత వెలుగుతూ నేనెన్నడూ చూడలేదు. రాత్రి డ్యూటీ చేసి నేరుగా వచ్చారావిడ.

తెచ్చి అతని ముందు ఆపితే కృపావరం అటు తిరిగి మాల్ గోడ వంక చూస్తున్నాడు. "కుట్టుమిషను తొక్కిన కాళ్లకి క్లచ్ ఒక లెక్కా?" అన్నాడు.

ఆవిడ నవ్వు అక్కడితో ఆగిపోయింది.

మళ్లీ ప్రాక్టీసుకి రాలేదు. నేను ఫోన్ చేస్తే జలుబన్నాడు, తర్వాత నడుం నొప్పన్నాడు. టికెట్లున్నాయి, లీవుంది, అతను ఎలా తప్పించుకుంటాడో నాకు తోచలేదు. ఆ పని ప్రభుత్వం చేసిపెట్టింది. ఏప్రిల్‌లో అమెరికా విమానాలు లిబియా మీద బాంబులు వేశాయి. ప్రతీకార దాడులకి భయపడి దేశమంతా జనం యూరప్ టికెట్లు రద్దు చేసుకోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాతి ఆదివారం ప్రార్థన మనవులు చెప్పే వేళకి కృపావరం లేచాడు. అంత ఉత్సాహంగా అతను లేవడం అదే మొదలు.

"మాల్టా లిబియాకి ఎంత దగ్గరో మీకు తెలియంది కాదు. నాలుగేళ్ల నా ప్రయాస మీరంతా చూశారు. కానీ దేవుడు తలుపు మూశాడు. మూసిన తలుపు తట్టడం విశ్వాసి లక్షణం కాదు. కుటుంబ క్షేమం కోసం విరమించుకుంటున్నాను."

గొంతు కూడా వణికించాడు. ఆడవాళ్లు నిట్టూర్చారు. సత్యానందం గారు అతన్ని కాపాడినందుకు దేవునికి వందనాలు చెల్లిస్తూ పెద్ద ప్రార్థన చేశారు. మేమంతా ఆమెన్ అన్నాం. దేవుడు అతన్ని కాపాడింది బాంబుల నుంచి కాదు, క్లచ్ నుంచని నేనూ చెప్పలేదు.

బయట కార్ల దగ్గర దేవకుమారి గారు ఒంటరిగా దొరికారు. "మీ లీవు వృథా అయిందే" అన్నాను.

"వృథా ఏం కాదు. నిద్రపోతాను" అన్నారావిడ. తాళాలు చేతిలో అటూ ఇటూ తిప్పారు. "నేను నడుపుతానన్నానండీ. మీరు పక్కన కూర్చుని దారి చెప్పండి, నేను నడుపుతాను, వెళ్దాం అన్నాను. పెళ్లాం నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని మాల్టా చూడ్డం కంటే చూడకపోవడమే నయమన్నారు."

ఆ మాటలో కోపం లేదు. చెడిపోయిన కూర రుచి చూసి పక్కన పెట్టే మనిషి గొంతులా ఉంది.

మరుసటి ఏడు రంగుల కంపెనీ మూతపడింది. కృపావరానికి ఆరిజోనాలో, చాండ్లర్‌లో, కంప్యూటర్ చిప్స్ తయారు చేసే ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. సామాను ట్రక్కులో పంపి వాళ్లిద్దరూ కారులో వెళ్లారు. దారంతా దేవకుమారి గారే నడిపారని వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ చేరాక మా ఇంటికి ఫోన్ చేసి, ఓక్లహోమాలో వడగళ్ల వాన గురించి, న్యూ మెక్సికోలో తెల్లవారుజామున ఎర్రబడ్డ కొండల గురించి నా భార్యకి చెప్పారట. కొండలు చూడమని లేపితే అతను కళ్లు తెరిచి, ఇటలీలో అయితే ఈపాటికి ద్రాక్షతోటలు వచ్చేవని చెప్పి మళ్లీ పడుకున్నాడట.

ఎనభై తొమ్మిది డిసెంబరులో ఆఫీసు పని మీద నేను చాండ్లర్ పక్కనున్న ఫీనిక్స్ వెళ్లాను. వాళ్లింట్లో క్రిస్మస్ విందుకి రమ్మన్నారు. అక్కడి ఫెలోషిప్ చిన్నది, అందరూ కొత్తగా వచ్చిన కుర్ర ఇంజనీర్లు. భాస్కర్ అనే అబ్బాయి నా ప్లేటులో గారెలు వేస్తూ, "మీరు షికాగో నుంచి ఫ్రెండ్స్ అటగా అంకుల్. కృపావరం అంకుల్ మాల్టా డ్రైవ్ చేసినప్పుడు మీరెందుకు వెళ్లలేదు?" అన్నాడు.

కృపావరం వైపు చూశాను. సోఫాలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి రెప్ప కూడా వేయలేదు.

"రవికుమార్‌కి పిల్లలు చిన్నవాళ్లులే, వాళ్లకి ఫ్లోరిడా సరదా" అన్నాడు.

తర్వాత ఆల్ప్స్ ఘాట్ రోడ్డు అందుకున్నాడు. ఒక పక్క లోయ, ఇంకో పక్క ట్రక్కులు, మూడో గేరు నుంచి రెండుకి తగ్గించి, క్లచ్ సగం మీద పట్టుకుని ఎలా దింపాడో చేత్తో పట్టి చూపించాడు. నేను మాల్ పార్కింగ్ లాట్‌లో చెప్పిన మాటలే, పొల్లు పోకుండా. కుర్రాళ్లు కళ్లప్పగించి వింటున్నారు.

దేవకుమారి గారు వంటింట్లోంచి బిర్యానీ గిన్నెతో వచ్చి బల్ల మీద పెట్టారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "మనం పడవ ఏ ఊళ్లో ఎక్కామండీ?" అని అడిగారు.

గదిలో నా ఒక్కడికే ఊపిరి ఆగింది. అతనికి ఆగలేదు.

"సిరకూసాలో. సాయంత్రం పడవ. నీకు సముద్రం పడక పైన డెక్ మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నావుగా, అప్పుడే మర్చిపోయావా?" అన్నాడు. నాలుగేళ్లు చదివిన పాఠం, ఎక్కడా తడబడలేదు. పైగా ఆవిడకి వాంతులు కూడా తనే ఇచ్చాడు.

భాస్కర్ ఆవిడ వంక జాలిగా చూసి, "పాపం ఆంటీ" అన్నాడు.

"అవును బాబూ, నాకు పడలేదు" అన్నారావిడ. "బిర్యానీ చల్లారకముందే తినండి."

భోజనాలయ్యాక నన్ను హోటల్లో దింపడానికి ఆవిడే వచ్చారు. నేనింక ఉండబట్టలేక, "ఎందుకొప్పుకున్నారండీ? నేనక్కడే ఉన్నాను. ఒక్క మాటంటే సరిపోయేది" అన్నాను.

ఆవిడ ఫ్రీవే మీదికి ఎక్కి, పక్క లేన్ చూసుకుని, ఎడమకి మారారు.

"అబద్ధమని చెబితే రేపు పొద్దున్నుంచి మళ్లీ ప్లాన్ మొదలుపెడతారండీ" అన్నారు. "వెళ్లొచ్చేశాం. అయిపోయింది."