మూడు గంటల దాకా

మా ఊరికి రెండుసార్లుగా ఆడమనిషే సర్పంచ్. ఇన్నేళ్లలో ఆమె ఆ కుర్చీలో కూర్చోగా చూసినవాళ్లుంటే చెప్పండి, దండం పెడతాను. కూర్చునేది ఆమె మామ. ఊరంతా ఆయన్ను పెద్దాయన అంటాం. ఆమె ఇంట్లో సంగటి కెలుకుతుంటే కాగితాలు అక్కడికే పోతాయి, సంతకానికి.

మా ఊళ్లో సర్పంచ్ ఓటు వేసి ఎన్నేళ్లయిందో నాకు గుర్తులేదు. ప్రతిసారీ ఏకగ్రీవమే. ఎవరైనా పోటీకి దిగినా, నామినేషన్లు వెనక్కి తీసుకునే రోజు మధ్యాహ్నం మూడులోపు వాళ్లంతట వాళ్లే పోయి తీసుకుంటారు. ఎందుకు తీసుకుంటారో పోయిన ఎన్నికల దాకా నాకు తెలీదు.

అప్పుడు నా కూతురు పదో తరగతి. దాని పక్కన కూర్చునే పిల్లకు పెళ్లి పెట్టుకుంటే, మా పొదుపు సంఘం ఆడవాళ్లం పోయి ఆపాం. అది పెద్దాయన దగ్గరివాళ్ల పెళ్లి. "నీకేంటికమ్మా ఊరి పెత్తనం?" అని నలుగురిలో నిలబెట్టి అడిగారు. సరే, పెత్తనమే చేసి చూపిస్తానని నామినేషన్ వేశాను. కోపంతోనే వేశాను, దాచేదేముంది!

ఉపసంహరణ రోజు పొద్దున్నే పంచాయతీ ఆఫీసుకు పోయి బెంచీ మీద కూర్చున్నాను. నా పేరుతో ఇంకెవరైనా కాగితం ఇస్తారేమోనని నా భయం. పదిన్నరకు పెద్దాయన వచ్చాడు. తిడతాడనుకున్నాను. నాకూ ఒక టీ చెప్పించాడు.

"ఏమ్మా, తమ్ముడు బాగుండాడా?"

"బాగుండాడు. గొర్రెలు తోలుకపోయినాడు."

"బాగుండాల, బాగుండాల," అని టీ ఊదుకుంటూ తాగాడు.

నా తమ్ముడు మా పక్కింట్లోనే ఉంటాడు. వాడికి పెళ్లాంబిడ్డలు లేరు, గొర్రెలే లోకం. సద్ది కట్టుకుని పొద్దున గుట్టకు తోలుకుపోతే మళ్లీ పొద్దు వాలాకే రావడం. ఆ రోజు పన్నెండు గంటలకు ఎదురింటి ఆమె ఫోన్ చేసింది.

"వదినా, గొర్రెలు ఇంటికొచ్చేసినాయి. మీ తమ్ముడు రాలేదు."

ఎండ నడినెత్తిన ఉంది. వాడికి ఫోన్ చేస్తే మోగుతుంది గానీ ఎత్తడు. పెద్దాయన వైపు చూశాను. పేపరు చదువుకుంటున్నాడు. ఒంటిగంట దాటాక వాడి నంబరు నుంచే ఫోన్ వచ్చింది.

"అక్కా, నేను బాగుండా."

"యాడుండావురా?"

పక్కన ఎవరో దగ్గారు.

"బాగుండా అక్కా. అన్నం పెట్టినారు."

ఫోన్ పెట్టేసింది వాడో, వాడి చేతిలోంచి లాక్కున్నవాడో. ఎట్లున్నావురా అంటే "నాకేం, గొర్రెకు కాలు నొప్పి" అనే రకం నా తమ్ముడు. పుట్టి బుద్ధెరిగి వాడి నోట బాగున్నా అనే మాట నేను వినలేదు. పోలీసులకు చెప్పాలనిపించింది. ఏమని చెప్పాలి? బాగున్నానని వాడే చెప్పాడు కదా!

రెండూ నలభైకి కాగితం అడిగి సంతకం పెట్టాను. ఆఫీసరు తలెత్తలేదు.

"మంచి పని చేసినావు తల్లీ," అన్నాడు పెద్దాయన. "ఊరు ఒక్క మాట మీద ఉండాల."

నాలుగున్నరకు తమ్ముడు ఇంటికొచ్చాడు. ఒంటిమీద ఇస్త్రీ మడతలు విప్పని కొత్త చొక్కా. పొద్దున వేసుకుపోయిన చొక్కా ఏమైందో ఈ రోజుకూ చెప్పలేదు. ఎడమ చెయ్యి పైకెత్తలేకపోయాడు. నీళ్లిస్తే తాగకుండా అడిగాడు.

"తీసుకుంటివా అక్కా?"

"తీసుకున్నారా."

"మా అక్క తీసుకోదు అని చెప్పినా వాళ్లతో. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పినా."

ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు, వాడి మీద కోపమొచ్చింది. "సచ్చింటే ఏం చేద్దునురా?" అని అరిచాను. వాడు గొర్రెల లెక్క చూసుకోవడానికి పోయాడు. కోపం నా మీదేనని అర్థమవడానికి నాకు చాలా రోజులు పట్టింది. వాడు వాళ్ల ముందు నిలబడ్డాడు. బెంచీ మీద టీ తాగుతూ కూర్చున్న నేను లొంగిపోయాను.

ఈసారీ సీటు ఆడవాళ్లకే వచ్చింది. మళ్లీ వేశాను. నన్ను ప్రతిపాదిస్తూ సంతకం పెట్టింది నా తమ్ముడే. ఉపసంహరణ రోజుకు నా జాగ్రత్తలో నేనున్నాను. అనంతపురం హాస్టల్లో ఉండే కూతుర్ని పిలిపించాను. బెంగళూరులో సెక్యూరిటీ పని చేసే మా ఆయన్ను సెలవు పెట్టించి రప్పించాను. పొద్దున తొమ్మిదికల్లా నలుగురం పంచాయతీ ఆఫీసు బెంచీ మీద కూర్చున్నాం. తమ్ముడు పెట్టె అడుగున పడేసిన ఆ కొత్త చొక్కా తీసి వేసుకొచ్చాడు.

"అదేంటికి వేసుకుంటివిరా?"

"ఈసారి వాళ్లకు కొనే పని లేకుండా," అన్నాడు.

నా కూతురు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పదిన్నరకు పెద్దాయన వచ్చాడు. కాస్త వంగిపోయాడు, కర్ర పట్టుకున్నాడు. అందరికీ టీ చెప్పించాడు. మా ఆయన్ను చూశాడు, కూతుర్ని చూశాడు, తమ్ముడి చొక్కా దగ్గర కాసేపు ఆగాడు. ఇప్పుడు అడుగు చూద్దాం, ఎవరు బాగున్నారని అడుగుతావో, అని లోపల్లోపల అనుకున్నాను.

"అందురూ ఈడనే ఉండారే," అన్నాడు, టీ ఊదుకుంటూ. "గొర్రెల్ని యాడ ఇడ్సినారప్పా?"

నేను గబుక్కున లేచాను. దొడ్లో అరవై గొర్రెలు, కాపలాకు ఎవరూ లేరు. తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. వాడు కిటికీలోంచి ఊరి వైపు ఒకసారి చూశాడు. తర్వాత నా కొంగు పట్టి కిందికి లాగాడు.

"కూర్చో అక్కా," అన్నాడు. "మూడు కానీ."