వృత్తి గడిలో నేను రాసిన మాట

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నన్ను హెడ్ కానిస్టేబులుగా చిత్తూరు–తిరుపతి రోడ్డు మీది ఒక స్టేషనుకు బదిలీ చేశారు. ఊరి పేరు చెప్పను. అక్కడ నాది రైటరు పని. వచ్చినవాళ్ళు చెప్పేది ఫిర్యాదుగా రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుని ఎస్సైగారి ముందు పెట్టాలి. కేసంతా ఆ కాగితం మీదే నిలబడుతుంది. నా రాతకు కోర్టులో వంక పెట్టేవాడు లేడని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఒక మధ్యాహ్నం మునెమ్మ అనే ఆవిడ ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఎడమచేతికి మోచేతి నుంచి మణికట్టు దాకా కుట్లు. ఆమె బెంచీ మీద కూర్చోగానే పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు లేచి దూరంగా నిలబడ్డారు. ఆమె వాళ్ళవైపు చూడను కూడా లేదు. పూతలపట్టు దగ్గర ఒక లారీ డ్రైవరు ఎక్కించుకున్నాడట. కండోమ్ లేకుండా కుదరదన్నందుకు కత్తితో కోసి, కదిలే బండిలోంచి తోసేశాడట. బండి నంబరు గుర్తుపెట్టుకుంది. వాడు జైలుకు పోకపోతే ఆ రోడ్డు మీద తనలాంటివాళ్ళెవరికీ ప్రాణభయం పోదని, అందుకే వచ్చానని చెప్పింది.

ఫిర్యాదులో పేరు, వయసు తరువాత వృత్తి రాయాలి. అక్కడ నా కలం ఆగింది.

“ఒళ్ళమ్ముకుంటానని రాయి మేడమ్. వాడు నన్ను ఎక్కించుకునిందే దానికి. దాసేదేముండాది?” అంది.

నేను వినలేదు. ఆ మాట ఉంటే కాగితం పక్కన పడేస్తారని, కోర్టులో నవ్వులపాలవుతావని నచ్చజెప్పి ‘కూలి’ అని రాశాను. పని ముగించుకుని చిత్తూరు పోవడానికి లారీ ఎక్కిందని ఒక కథ కూడా అల్లాను. చదివి వినిపిస్తే ఆమె నా ముఖం చూసి వేలిముద్ర వేసింది. మంచికి పోతే చెడు ఎదురైందంటారు. నేను పోయింది మంచికి కూడా కాదు. ఆ మాట నా చేత్తో రాయడానికి నాకే సిగ్గేసింది.

డ్రైవరు దొరికాడు. ఏడాది దాటాక విచారణ మొదలైంది. మునెమ్మ మొదటి సాక్షి. నువ్వు రోడ్డు మీద నిలబడే మనిషివి కాదా అని అవతలి వకీలు అడిగాడు. ఆమె తల దించుకోలేదు.

“అవును సార్. ఆ పొద్దే చెప్పినాను. ఆయమ్మ రాసుకోలేదు.”

తరువాత నన్ను బోనెక్కించారు. ఆమె ఏం చెప్పిందని వకీలు అడిగాడు. నా రిటైర్మెంటుకు ఎనిమిది నెలలున్నాయి. తప్పు రాశానని ఒప్పుకుంటే సస్పెన్షను తప్పదు. ఆమె చెప్పిందే రాశానన్నాను. ఒక్క మాటతో ఆమె అబద్ధాలకోరయింది. మొదటి కాగితమే నమ్మదగ్గది కాదంటూ, సంశయలబ్ధి కింద కోర్టు డ్రైవర్ని విడుదల చేసింది.

తీర్పు రోజు వరండాలో ఎదురుపడితే తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“వాడు మళ్ళా ఆ రోడ్డునే వస్తాడు మేడమ్. నేనూ ఆడే నిలబడాల” అని మెట్లు దిగిపోయింది.

రైటరుకు కనికరించే అధికారం లేదు. చెప్పింది చెప్పినట్టు రాయాలి. రాసింది తప్పయితే బోనులో ఒప్పుకోవాలి. నేను రెండూ చేయలేదు. పింఛను మాత్రం పూర్తిగా వస్తోంది.