ఫోన్‌లో మోగిన మామగారి గొంతు

ఫోన్‌లో ఆటలాడటమే తప్ప తయారుచేయడం తెలియని నేను, పోయినేడు మైదుకూరులోని అత్తగారింట్లో ఆ పని నేర్చుకోవడం మొదలుపెట్టాను. మాది చేనేత కుటుంబం కాబట్టి మొదటి ఆట మగ్గం నేత గురించే చేశాను. పోగు తెగితే ఓ అరుపు వినిపించి ఆట ముగుస్తుంది. ఆ అరుపు, మా ఆయన్ని తిడుతుండగా నేను దొంగచాటుగా రికార్డు చేసిన మామగారిది!

ఒక మధ్యాహ్నం ఆయనే, "ఏందిమ్మా చేస్తాండావు? ఇట్లియ్యి" అని ఫోన్ తీసుకుని ఆడసాగారు. అంతలోనే పోగు తెగింది.

"కండ్లు యాడ పెట్టుకోని నేస్తాండావురా?"

ఇల్లంతా ఆయన గొంతే. రాట్నం తిప్పుతున్న అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. మామగారు ఫోన్ నా చేతికిచ్చారు.

"పోగు తెగితే ముడేసి నేస్తాం గానీ, మగ్గం దిగి పోతామామ్మా? ఇది తప్పు."

ఆ రోజే మార్చేశాను. ఇప్పుడు ముడి వేసుకుని ఆడొచ్చు. అరుపు మాత్రం తప్పదు. మొదటిది మెత్తగా ఉందని మామగారే మళ్లీ అరిచి ఇచ్చారు.