నమూనా చిరునామాలు

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక ఒక మేడ మీద కంప్యూటర్ శిక్షణ కేంద్రం ఉండేది. నేనక్కడ టైపింగు నేర్పేవాణ్ణి. ఊళ్లోకి ఇంటర్నెట్టు ఫోను తీగ మీద ఈడ్చుకుంటూ వచ్చే రోజులవి. మా కేంద్రానికి అది కూడా లేదు. కడప బస్టాండులో కొన్న ఒక పత్రికతో పాటు సీడీ వచ్చింది. దాన్నిండా ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి మార్చుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మా జిల్లాలో ఎవర్నీ అడక్కుండా చేయగలిగిన పని నాకు అదొక్కటే కనబడింది.

వాటిలో ఒక చిరునామాల పుస్తకం నాకు నచ్చింది. బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. పేరు కొడితే మనిషి ఇల్లు, వీధి, పని, కుటుంబం అన్నీ చూపిస్తుంది. దాన్ని నడపాలంటే ముందు లినక్సు ఎక్కించాలి, దానిమీద అపాచీ, మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ అని ఇంకో మూడు ప్రోగ్రాములు. పదిహేను రోజులు అవి ఒకదానితో ఒకటి పలకలేదు. పాస్‌వర్డు తప్పని ఒకరోజు, ఫైలుకు అనుమతి లేదని ఇంకోరోజు. నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. చివరికి ఒక మధ్యాహ్నం పేజీ వచ్చేసింది. ఉద్యోగం వచ్చినంత సంబరపడ్డాను. ఆ పేజీ నా ముందున్న మిషన్‌లో తప్ప లోకంలో ఇంకెక్కడా తెరుచుకోదు. దానికి బయటి తీగే లేదు.

ప్రోగ్రాముతో పాటు పరీక్షకని కొన్ని నమూనా పేర్లు ఇచ్చారు. అన్నీ తెల్లోళ్ల పేర్లు, తెల్లోళ్ల వీధులు. చూస్తే ఒళ్లు మండింది. అవన్నీ చెరిపేసి, జమ్మలమడుగు దగ్గరున్న మా ఊరి జనాన్ని ఎక్కించాను. దొంగ పేర్లు కల్పించొచ్చు కదా అని ఇప్పుడెవరైనా అడగొచ్చు. కల్పించిన పేరు కొడితే సరైన ఇల్లు వచ్చిందో లేదో నాకెలా తెలుస్తుంది? తెలిసిన మనిషైతే చూడగానే తెలుస్తుంది. మనిషిని ఏ గుంపులో వేయాలో అడిగే గడి ఒకటి ఉండేది: స్నేహితులు, ఆఫీసు, బంధువులు. వాటిని తీసేసి మా ఊరి రెండు పక్షాలు పెట్టాను. మా ఊళ్లో పుట్టినవాడికి మనుషుల్ని ఇంకో రకంగా విడదీయడం రాదు.

ఊళ్లో ఉన్నవాళ్లయ్యాక, ఊరొదిలినవాళ్లను కూడా ఎక్కించాను. మా మేనమామ అలా వదిలినవాడే. ఊళ్లో జరిగిన ఒక హత్యలో ఆయన పేరు వినబడింది. చేశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రొద్దుటూరులో నూనె మిల్లు వెనక సందులో ఒక గది తీసుకుని, అత్తతో కలిసి తలదాచుకున్నాడు. ఆ గది ఇద్దరికే తెలుసు. ఒకరు పెండ్లిమర్రిలో గొర్రెలు మేపుకునే అత్త తమ్ముడు. రెండోవాణ్ణి నేను, ఆదివారం భోజనానికి పోయేవాణ్ణి. సందు పేరు, గది గుర్తు, పొద్దున్నే పాలకు ఏ దారిన పోతాడో కూడా వివరాల గడిలో రాశాను. గడి ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగాలేదని రాశాను.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఓటర్లను ఇలా చూపించే ప్రోగ్రాము చేసిస్తామని మా కేంద్రం యజమాని ఒక పార్టీవాళ్లకు ఆశపెట్టాడు. చూడ్డానికి ముగ్గురొచ్చారు. ఒకాయన మా ఊరాయనే, మా పక్షమే. చిన్నప్పుడు నన్ను భుజాన ఎత్తుకున్న మనిషి.

"మనూరోళ్లంతా వుండారా దీంట్లో?" అన్నాడు.

"అందరూ వుండారు."

"మీ మామ గూడా వస్తాడా? సూపీ సూద్దాం," అని నవ్వాడు.

నేను మామ పేరు కొట్టాను. ఎంటర్ నొక్కగానే వచ్చేసింది. ఎంత వేగంగా వచ్చిందో చూడమన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. "శానా బాగ చేసినావప్పా," అని వీపు తట్టాడు. నేను పొంగిపోయాను.

నెల తిరక్కుండా ఆ పెద్దమనిషి కండువా మార్చి అవతలి పక్షంలో కలిశాడు. ఆ తర్వాత పదో రోజు పొద్దున, పాలచెంబుతో వస్తున్న మామను సందు మొగదల నరికేశారు.

శవం ఆ గదికి వచ్చేసరికి అత్త తమ్ముడు పెండ్లిమర్రి నుంచి ఏడ్చుకుంటూ వచ్చాడు. అత్త గడప దాటనివ్వలేదు.

"ఈ ఇల్లు నీకు దప్ప ఎవురికి తెలుసురా?" అంది.

"నేను సెప్పలేదక్కా. మా బిడ్డల మీద ఒట్టు."

నేను ఆ గడపలోనే నిలబడి ఉన్నాను. ఆమె నన్ను చూసింది కూడా. చదువుకున్నవాడు, పిరికివాడు, వీడివల్ల ఏమవుతుందనుకుందేమో. నేను నోరు విప్పలేదు. మర్నాడు కేంద్రానికి పోయి ఆ పేర్ల పట్టిక మొత్తం చెరిపేశాను. ఒక్క లైను టైపు కొడితే పోయింది.

తర్వాత నాకు పులివెందులలో ఒక కాలేజీలో పని దొరికింది. దిక్కులేని అత్తను నా దగ్గరే పెట్టుకున్నాను. అందరూ మెచ్చుకునేవారు, అత్త కూడా. ఆ మెప్పు వింటూ పదకొండేళ్లు అన్నం తిన్నాను. ఆమె తమ్ముడు రెండుసార్లు వచ్చి వీధిలోంచే వెనక్కి పోయాడు.

ఒకరోజు ఆయన చనిపోయాడని కబురొచ్చింది. అత్త వంట ఆపలేదు. "మొగున్ని అమ్ముకున్నోని మొగం నేను సూడను," అంది. అప్పుడు చెప్పాను. పొయ్యి దగ్గర నిలబడి, కంప్యూటరు దగ్గర్నుంచి కండువా దాకా మొత్తం చెప్పాను. ఆమెకు కంప్యూటరు సంగతి అర్థం కాలేదు. "పేపర్లో రాసి సూపించినట్టేనా?" అని అడిగింది. అంతే అన్నాను. పొయ్యి ఆర్పి, చెప్పులేసుకుని బస్టాండు వైపు నడిచింది. కడప బస్సెక్కింది, నేనూ వెనకే ఎక్కాను.

మేం పెండ్లిమర్రికి పోయేసరికి మట్టి చేసి వచ్చేశారు. ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చుట్టూ ఊరి ఆడవాళ్లు, వాకిట్లో మగవాళ్లు. అత్త నా రెక్క పట్టుకుని వాళ్ల మధ్య నిలబెట్టింది.

"నాకు సెప్పిందంతా ఈమెకు సెప్పు," అంది.

చెప్పాను. తల ఎత్తకుండా మొదటినుంచీ చెప్పాను. విన్న తర్వాత ఆ ఇల్లాలు నన్ను ఒక్క మాట తిట్టలేదు.

"నిన్న పొద్దున దాంకా బతికే వుండె గదప్పా," అంది.