సూరమ్మత్త చేతిలో ల్యాబ్ తాళం

సూరమ్మత్త మా కంప్యూటర్ సెంటర్‌లో ఊడ్చే మనిషి. ఆ మాట ఎవరైనా అంటే మాత్రం ఆమె ఒప్పుకోదు. నడుముకి దోపుకున్న తాళంచెవి తీసి చూపిస్తుంది.

"ఊడిసీవోళ్లకి తాళాలిత్తారేటి?"

ఇక్కడికి రాకముందు ఆమె పలాసలో జీడిపప్పు ఏరే పని చేసేది. ఇరవై రెండేళ్లు. గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు. సాయంత్రం పని దిగేటప్పుడు బల్ల మీద ఒక్క పలుకు మిగలకూడదు. తర్వాత గేటు దగ్గర వరస కట్టి, టిఫిన్ గిన్నె మూత తీసి, చీర కొంగు దులిపి చూపించాలి. "ఒక్క బద్దయినా ఎప్పుడూ తేలేదు. అయినా ఇరవై రెండేళ్లూ దులిపినాను," అని నవ్వుతూనే చెబుతుంది. మోకాళ్లు పట్టేసి ఆ పని మానేశాక, కాశీబుగ్గలో ఈ సెంటర్ పెట్టిన నారాయణరావు గారు ఆమెను పనిలోకి తీసుకుని ల్యాబ్ తాళం చేతికిచ్చారు. మొదటి వారం అది తలగడ కింద పెట్టుకుని పడుకుందట.

నేను జూన్‌లో చేరాను. తిత్లీ తుపానుకి మా జీడితోట పడిపోయిన ఏడాది ఇంటర్ మధ్యలో ఆపేశాను. మళ్లీ క్లాసులో కూర్చోవడం ఇప్పుడే. కిటికీ పక్కన ఆఖరి సిస్టమ్ ఎంచుకున్నాను, అక్కడిదాకా ప్రశ్నలు రావని. అక్కడి నుంచి తలుపు, చీపురు, సూరమ్మత్త అన్నీ కనిపిస్తాయి.

జూలైలో సి లాంగ్వేజ్ మొదలైంది. మనం రాసిన ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. అది మెషీన్‌లో ఎక్కడుందో, ప్రోగ్రామ్ రాసే ఎడిటర్‌కు ముందే చెప్పి పెట్టాలి. మాకు క్లాసు చెప్పే అవినాష్ సార్ పది సిస్టమ్‌లలోనూ కూర్చుని ఆ సెట్టింగులన్నీ పెట్టారు. ప్రోగ్రామ్‌లు నడిచాయి. మర్నాడు పొద్దున్న రన్ నొక్కితే, కంపైలర్ దొరకలేదని ఎర్రగా వచ్చింది. పదింటిలోనూ.

సార్ మళ్లీ పెట్టారు. మర్నాటికి మళ్లీ పోయాయి. ఎడిటర్ తీసేసి కొత్తగా ఎక్కించారు. అప్‌డేట్లు ఆపారు. వైరస్ స్కాన్ పెట్టి అది తిరిగినంతసేపూ గోళ్లు కొరుక్కున్నారు. రెండు గంటల క్లాసులో గంట దీనికే పోయేది.

"ఏటి సార్, ఈరోజు కూడా ముగ్గుల పోటీయేనా?" అనేది ప్రమోదిని. నా పక్క సిస్టమ్ ఆమెది. క్లాసు జరగనప్పుడల్లా పెయింట్ తెరిచి ముగ్గులేసేది.

"నువ్వు మాట్లాడకమ్మా. ఇంటర్నెట్ అంతా వెతికేశాను. ఇలాంటిది ఎవడికీ రాలేదు."

పదకొండో రోజు నారాయణరావు గారు పైకి వచ్చారు. గుమ్మంలోనే నిలబడి అంతా విన్నారు.

"సాయంత్రం బాగుంటాయి, పొద్దున్నకి పోతాయి. అంటే మజ్జిన ఎవడో వచ్చి కెలుకుతన్నాడు. శనివారం నుంచి తాళం నా దగ్గరే ఉంటాది."

ఆయన ఎవరి పేరూ అనలేదు. సూరమ్మత్త గుమ్మం పక్కనే ఉంది. చీపురు ఆగింది, మళ్లీ కదిలింది. ఆ సాయంత్రం మేమంతా దిగిపోతుంటే ఆమె తలుపు దగ్గర నిలబడి, ఎవరూ అడగకుండానే తన సంచి తెరిచి సార్‌కు చూపించింది. టిఫిన్ గిన్నె మూత కూడా తీసింది.

"అదేంటమ్మా?" అన్నారు సార్ కంగారుగా.

"అలవాటు బాబూ," అంది. నవ్వలేదు.

బస్సులో ఊరికి వెళ్తున్నంతసేపూ ఆ ఖాళీ గిన్నె నా కళ్లముందే ఉంది. శనివారానికి రెండు రోజులే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న సార్ యథాప్రకారం నేల మీదికి వంగి వైర్లు చూస్తున్నారు. నేను ప్రమోదిని స్క్రీన్ వైపు చూశాను. నచ్చని ముగ్గులన్నీ ఆమె డిలీట్ చేస్తుంది. నిన్న కనీసం ఆరు పారేసింది. కానీ స్క్రీన్ మీద ఉన్న చెత్తబుట్ట బొమ్మ ఖాళీగా ఉంది. నాదీ ఖాళీయే. మాలో ఆ బుట్ట ఖాళీ చేసేవాళ్లు ఒక్కరూ లేరు.

అది ఎవరు ఖాళీ చేస్తున్నారో చూద్దామని, ఆ సాయంత్రం నోట్సు రాసుకుంటున్నట్టు ఉండిపోయాను. అందరూ వెళ్లాక సూరమ్మత్త నేల ఊడ్చి, బల్లలు తుడిచి, మొదటి సిస్టమ్ ముందు కూర్చుంది. జాకెట్టులోంచి మడత పెట్టిన కాగితం తీసింది. రాత నాదే.

జూన్‌లో పిల్లలు సినిమా పాటలు ఎక్కించి మెషీన్లు నింపేస్తుంటే, సార్ ఆమెకు మౌస్ పట్టుకోవడం నేర్పారు. మా పేర్లున్న ఫోల్డర్లు ఉంచి మిగతావి రోజూ తీసేయమన్నారు. ఇంగ్లీషు రాదు కాబట్టి మా పేర్లు స్క్రీన్ మీద కనిపించేలాగే రాసివ్వమని నన్నడిగింది. రాసిచ్చాను. ఆ తర్వాత సార్‌కీ గుర్తులేదు, నాకూ లేదు.

ఆమె వేలు కాగితం మీద, కన్ను స్క్రీన్ మీద. అక్షరం ఆకారాన్ని అక్షరంతో పోల్చి చూస్తోంది. పప్పు ఏరిన కన్ను, ఒక్కటీ తప్పడం లేదు. మా ఫోల్డర్ల మధ్య చుక్కతో మొదలయ్యే చిన్న ఫోల్డర్ ఒకటుంది. సార్ పెట్టిన సెట్టింగులన్నీ ఉండేది అందులోనే. కాగితం పైనుంచి కిందిదాకా రెండుసార్లు చూసి, దాన్ని తీసేసింది. తర్వాత చెత్తబుట్టా ఖాళీ చేసింది.

"అత్తా!"

ఉలిక్కిపడింది. "ఓలమ్మో! నువ్వెల్లలేదేటే?"

"అదెందుకు తీసీసినావు?"

"ఎవుల పేరూ కాదు కదే. బల్ల మీద మిగిలిపోతే రేపటి సరుకు పాడైపోద్ది."

చెప్పాను. అది పోతే మా ప్రోగ్రామ్‌లు నడవవని, సగం చేతులతోనే చెప్పాను.

"అయితే ఆ దొంగని నానేనన్నమాట."

"కాదత్తా. కాయితం రాసింది నాను."

"మరైతే ఇద్దరం దొంగలమే," అంది. అప్పుడు నవ్వింది. నవ్వుతూనే తాళంచెవి తీసి అరచేతిలో పెట్టుకుని చూసుకుంది. "రేపు నానే సెప్తాను. నువ్వు మాటాడకు."

కానీ శనివారం పొద్దున్న గుమ్మంలో నారాయణరావు గారు కూడా నిలబడి ఉండేసరికి ఆమె చెప్పడం మానేసి నడుము నుంచి తాళంచెవి తీసింది. ఆ చేయి ఆయన వైపు సగం చాచింది. నేను లేచాను. కుర్చీ కిర్రుమంది, అందరూ నా వైపు తిరిగారు. రెండు నెలల్లో నేను క్లాసులో నోరు విప్పడం అదే మొదటిసారి.

"సార్, పేర్లు లేని ఫోల్డర్లు తీసేయమని అత్తకు మీరే చెప్పారు. పేర్లు నేను రాసిచ్చాను. మీ సెట్టింగుల ఫోల్డర్ పేరు అందులో లేదు. అత్త ఒక్కరోజు కూడా మీ మాట తప్పలేదు."

సార్ నెత్తి కొట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "పన్నెండు రోజులు... నేల మీద పాకాను కదమ్మా!"

"మేం సూసినాం సార్," అంది ప్రమోదిని.

నారాయణరావు గారు సూరమ్మత్త చాచిన చేతిని చూశారు. "పన్నెండు రోజులు, పది మెషీన్లు. ఒక్కటి కూడా మర్సిపోలేదా?"

"మర్సిపోతే పనేటి బాబూ."

"తాళం నీ దగ్గరే ఉంచు," అన్నారు, మెట్లు దిగుతూ.

ఆమె వెంటనే కాగితం తీసి నా ముందు పెట్టింది. పేర్ల కింద చుక్క పెట్టి ఆ ఫోల్డర్ పేరు రాశాను.

"ఇంతకీ ఎవులది ఇది?"

"అందరిదీ అత్తా."

"అందరిదీ అని ముందే సెప్పొద్దేటి? అలాటిదాన్నే ముందు కాసుకోవాల."

ఇప్పుడు రోజూ సాయంత్రం ముందుగా ఆ చుక్క ఉందో లేదో పది సిస్టమ్‌లలోనూ చూస్తుంది. పొద్దున్న తలుపు తీశాక కూడా వెళ్లిపోదు. మేము రన్ నొక్కేదాకా చీపురు పట్టుకుని నిలబడుతుంది. పదింటిలోనూ జవాబు పడ్డాక, తాళంచెవి నడుముకి దోపుకుని మెట్లు ఊడవడానికి వెళ్తుంది.