ఒక్క పూట తెరిచిన మెట్లు

1961 ఎండాకాలం. నల్గొండలో హెల్త్ ఇన్‌స్పెక్టర్‌గా నాకది మూడో ఏడు. బస్సు టాపు మీద సైకిలు వేయించుకుని కట్టంగూర్‌లో దిగి, అక్కడి నుంచి మట్టిబాటల్లో తొక్కుకుంటూ ఊళ్లు తిరగడమే నా ఉద్యోగం. సంచిలో బ్లీచింగ్ పౌడర్, ఒక గాజు గ్లాసు, ఒక భూతద్దం, నాలుగు సర్క్యులర్ కాగితాలు ఉండేవి. మధ్యాహ్నం ఏ ఇంటి ముందు ఆగినా ముందు చెంబెడు మజ్జిగ ఇచ్చి, తర్వాతే ఎందుకొచ్చావని అడిగేవాళ్లు. అంత తిరుగుడూ కష్టమనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఎండే చల్లగా ఉన్నట్టుంటుంది.

ఆ ఏడు మాకు వచ్చిన పని కన్వర్షన్. అంటే మెట్ల బావిని చేదబావిగా మార్చడం. మెట్లు రాతిగోడతో మూసెయ్యాలి. పైన నడుమెత్తు పారపెట్ గోడ కట్టి గిరక బిగించాలి. చుట్టూ చప్టా వేసి, చిందిన నీళ్లు మళ్లీ బావిలోకి ఇంకకుండా దూరంగా పోయేటట్టు కాలువ తియ్యాలి. ఇదంతా నారికురుపు కోసం. కురుపు ఉన్నవాడు మంట చల్లారుతుందని మెట్లు దిగి కాలు నీళ్లలో పెడతాడు. కురుపులోని పురుగు అక్కడే పిల్లల్ని వదులుతుంది. వాటిని సైక్లాప్స్ అనే, కంటికి ఆనీ ఆనని నీటిపురుగు మింగుతుంది. ఆ నీళ్లు మనం తాగితే ఏడాది తిరిగేసరికి మన కాల్లోంచి మూరెడు నారపోగులాంటి పురుగు బయటికి వస్తుంది. మాది కల్వకుర్తి దిక్కు. అక్కడా ఇదే గోస. మా బాపుకు రెండుసార్లు లేచింది.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. సర్క్యులర్ అంటే శాసనమనీ, నేను దాన్ని చెక్కిన రాయిననీ అనుకునేవాణ్ని.

ఊరి పేరు రాయను. కట్టంగూర్ నుంచి లోపలికి రెండు గంటల తొవ్వ. సగం మంది గొర్లు కాసేవాళ్లు, సగం మంది నేతవాళ్లు. నేను వెళ్లేసరికి సత్తయ్య అనే నేత మనిషి అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. వరసగా మూడో ఎండాకాలం అతనికి నారికురుపు లేచింది. మగ్గం గుంతలో కాలు ఆడితేనే ఆ ఇంట్లో పొయ్యి రాజేది. అతని భార్య రాజవ్వ పక్కన కూర్చుని, పురుగు కొసను పుల్లకు చుట్టి రోజుకు వేలెడంత లాగుతోంది. తెగిందంటే కాలంతా చీము పడుతుంది. పొద్దంతా కండెలకు నూలు చుట్టే చేయి కదా, ఆమె చేతిలో ఒక్కనాడూ తెగలేదట.

గ్లాసులో బావినీళ్లు పోసి, ఎండకు పట్టి భూతద్దం ఇచ్చాను. ఆమె చాలాసేపు చూసింది.

"గివి ఎగురుతున్నయేంది సారూ?"

"అవే అమ్మా. మీరు రోజూ తాగేది వాటినే."

"మరి గిన్నేండ్లు ఎవ్వలు చెప్పకపోతిరి," అంది. ఆ మాటలో నాకూ వాటా ఉంది.

ఊరివాళ్లు మెట్లు మూయడానికి ససేమిరా అన్నారు. మా తాతలు దిగిన బావి అన్నారు, గిరక పట్టే బలం ముసలివాళ్లకు ఎక్కడిదన్నారు. నేను సర్క్యులర్ చదివి వినిపిస్తే శ్రద్ధగా విని, బాగుందన్నారు, ఎవరిళ్లకు వాళ్లు పోయారు. రాజవ్వ మాత్రం మొగుడి కాలును సాక్ష్యం పెట్టి ఇల్లిల్లూ తిరిగింది. ఆమె నోటికి భయపడ్డవాళ్లు కొందరు, ఆమె మాటకు కరిగినవాళ్లు కొందరు. పది రోజుల్లో మెట్లు మూసి గోడ లేపాం. గిరకా ఎక్కింది. బావిలో పాత పురుగు ఇంకా ఉంటుంది కాబట్టి, చేదిన నీళ్లను రెండు మడతల బట్టలో వడగట్టుకోమన్నాను. ఆ బట్టలూ రాజవ్వే పక్కింటి మగ్గం మీద నేయించింది, పురుగు దూరని దగ్గర నేతతో.

మూడు వారాల తర్వాత చూసిపోదామని వెళ్తే, ఆమె నాకు ఊరి బయటే ఎదురొచ్చింది. బిడ్డ అండాలు పుట్టింటికొచ్చి ప్రసవించింది, తొలిచూలు కొడుకు. మర్నాడు ఇరవై ఒకటో రోజు. ఆ రోజు బాలింత ముత్తయిదువలతో బావి మెట్లు దిగి, నీళ్లకు పసుపుకుంకుమలు పెట్టి మొక్కి, మూడు దోసిళ్లు తాగి, కడవ ముంచుకుని ఇంటికి తేవాలి. అప్పటిదాకా ఆమెకు వంటింట్లో అడుగు లేదు.

"ఒక్క పూట తెరువు సారూ. నాలుగు రాళ్లు జరుపుతం, మాపటికి మల్ల పెడతం."

"కుదరదమ్మా. ఎందుకు మూశామో నీకు తెలియదా?"

"నాకు తెల్వకనా. ఊరంత తిరిగి మూయిచ్చింది నేనే గద. నా బిడ్డకు ఒక్క పూట అడుగుతున్న."

అదీ నిజమే. ఆ ఊళ్లో నా పని జరిగిందంటే ఆమె వల్లే. వాళ్ల ఇల్లు చేరేసరికి సత్తయ్య అరుగు మీది నుంచి దండం పెట్టాడు. లోపల పసివాడు ఏడుస్తున్నాడు. శాసనం చెక్కిన రాయి అక్కడే మెత్తబడింది. సరే, ఒక్క పూట అన్నాను. అంతేకాదు, రాత్రికి అక్కడే ఉండి, తెల్లారి రాళ్లు జరుపుతుంటే ఓ చెయ్యి కూడా వేశాను.

అండాలు, ఆమెతో ముగ్గురు ముత్తయిదువలు మెట్లు దిగి, నలుగురూ మూడేసి దోసిళ్లు తాగారు. వడగట్టే బట్ట ఎవరికీ గుర్తు రాలేదు. గంగమ్మ నీళ్లను బట్టలో పోసి తాగుతారా ఎవరైనా? సాయంత్రానికి రాళ్లు మళ్లీ ఎక్కాయి. నాకు గుగ్గిళ్లు పెట్టారు. చాలా సంతోషంగా తొక్కుకుంటూ వచ్చాను. ఆఫీసు రిజిస్టరులో ఆ పూట సంగతి రాయలేదు.

మరుసటి ఏడు అదే ఎండల్లో వెళ్లాను. వాకిట్లోనే సత్తయ్య మగ్గం చప్పుడు వినిపించింది. ఎండాకాలంలో ఆ ఇంట్లో మగ్గం ఆడటం నాలుగేళ్లలో అదే మొదటిసారి. ఊళ్లో ఇంటింటికీ ఉండే కురుపు ఆ ఏడు నలుగురికే లేచింది. ఆ నలుగురూ ఎవరో చెప్పక్కర్లేదు.

అండాలును అత్తగారింటి నుంచి బండి మీద తెచ్చి దింపారట. పని చేయలేని కోడలు అక్కడెందుకన్నారు. చీలమండ వాచి ఉంది. ఏడాది పిల్లవాడు చంకెక్కుతానని ఏడుస్తున్నాడు. ఆమె లేవలేక, కూర్చున్నచోటి నుంచే వాణ్ని సముదాయిస్తోంది. అత్తగారి ఊళ్లో ఈ కాలుతో మెట్ల బావిలో దిగావా అని అడిగాను.

"దిగలే సారూ. ఎంత మండినా దిగలే. మా అమ్మ చెప్పింది గద. మా ఆడిబిడ్డ తెచ్చి కాలి మీద పోసింది నీళ్లు."

రాజవ్వ పుల్ల పట్టుకుని బిడ్డ కాలి దగ్గర కూర్చుంది. పోయినేడు మొగుడికి చుట్టిన చేతితోనే ఈసారి బిడ్డకు చుడుతోంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేదని నాకు అనిపించింది.

"తప్పు నాదమ్మా," అన్నాను. "ఆ రోజు కాదనాల్సింది."

ఆమె పుల్ల మీంచి చూపు తిప్పకుండా అంది: "కాదంటే నేను రాత్రికి రాత్రి పలగ్గొడుదును సారూ. గిరకకు బొట్టు పెట్టి మొక్కుండ్రి, చేదిన నీళ్లే గంగమ్మ అని అంటివా? అంటే నేను వద్దంటునా?"

అనలేదు. నాకు తోచలేదు. మా కాగితాల్లో గోడ ఎత్తు ఉంది, చప్టా వెడల్పు ఉంది. ఆ మెట్లు దిగి ఆడవాళ్లు ఏమేం చేస్తారో అడగమని ఎక్కడా లేదు. నల్గొండ వచ్చి, మెట్లు మూసేముందు ఊరి ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడాలన్న షరతు కలపమని రిపోర్టు రాశాను. ఒక పూట తెరిచిన సంగతి, నలుగురి సంగతి కూడా అందులో రాశాను. మా పై అధికారి చదివి, "ఇది శానిటేషనా, పేరంటమా?" అన్నాడు. షరతు కలవలేదు. నాకో మెమో మాత్రం వచ్చింది.

ఆ తర్వాత నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఎన్ని బావుల మెట్లు మూయించానో లెక్కపెట్టుకోలేదు. ఏ ఊళ్లోనైనా భూతద్దం తీయకముందే, ఈ మెట్లతో మీకేం పనులున్నాయని ఆడవాళ్లను అడిగేవాణ్ని. చెప్పిందంతా విని, ఆ పనులు గట్టు మీద ఎలా చేసుకోవచ్చో వాళ్లనే చెప్పమనేవాణ్ని. గిరకకు బొట్టు పెట్టడమన్నది చాలా ఊళ్లలో వాళ్లకే తోచింది. ఇంత తేలికైన మాట నేను నేర్చుకోవడానికి అండాలు రెండు నెలలు మంచం మీద ఉండాల్సి వచ్చింది.